పాలు మానడానికి నాకు పట్టిన కాలం

2011 వేసవిలో ఒకరోజు, ఇంకా పూర్తిగా తెల్లారకముందే, విశాఖపట్నం లాసన్స్ బే దగ్గర సముద్రంలో బాప్తిస్మం తీసుకున్నాను. సరిగ్గా అప్పుడే వెనక నుంచి అలొకటి వచ్చి పాస్టర్ అయ్యగారినీ నన్నూ కలిపి ముంచేసింది. ఒడ్డున సిస్టర్లు పాట ఆపి మరీ నవ్వారు. తడిబట్టలతో ఆటోలో కంచరపాలెం చేరేసరికి నేను పెద్ద విశ్వాసినైపోయాను. అంటే, అలా అనుకున్నాను.

హుషారుకేం తక్కువ లేదు. శుక్రవారం ఉపవాస ప్రార్థన, శనివారం యూత్ మీటింగ్, ఆదివారం రెండు పూటలా గుడి. కంఠత వాక్యాల పోటీ పెడితే బహుమతి నాదే. ప్రార్థన మాత్రం కిరాణా కొట్టుకి రాసిచ్చే చీటీలా ఉండేది. ఉద్యోగం, బండి, అమ్మకి షుగర్ తగ్గడం, మళ్లీ ఉద్యోగం.

2012 డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో, పన్నెండు దాటాక, వాగ్దానం చీటీల పళ్లెం నా దగ్గరికొచ్చింది. ఒక్కో చీటీ మీద ఒక బైబిల్ వాక్యం, తీసుకున్నవాళ్లకి కొత్త సంవత్సరానికి అదే వాగ్దానం. మొదట తీసిన చీటీలో శ్రమల గురించి ఏదో ఉంది. ఎవరూ చూడకుండా మడిచి వెనక్కి వేసి ఇంకోటి తీశాను. (నవ్వకండి, మీలో సగం మంది చేసే ఉంటారు.) రెండోది యిర్మీయా 29:11. దేవుడు నా విషయమై ఆలోచించేవి సమాధానకరమైన ఉద్దేశాలట, హానికరమైనవి కావట. ఇంకేముంది, రైల్వే ఉద్యోగం వచ్చేసినట్టే! ఆ చీటీని హాల్ టికెట్‌తో కలిపి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని పరీక్షకెళ్లాను.

రాలేదు. దేవుడి మీద అలిగి ఆరు వారాలు గుడికి వెళ్లలేదు. పిల్లలు కంచం తోసేసి మూల కూర్చుంటారు చూడండి, అచ్చం అలాగే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఆ రోజు ఆదివారమే. ఆరాధన మాటెలా ఉన్నా, మా గుడి పైకప్పు రేకులు పక్క వీధిలో తేలాయి. ఊరంతా కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్ కోసం పొద్దున్నే లైను. ఆ లైనులో నా ముందు మా సంఘం పెద్దాయన ఒకరు నిలబడి ఉన్నారు. షిప్‌యార్డులో వెల్డరుగా చేసి రిటైరయ్యారు. నేను మావయ్యగారూ అని పిలుస్తాను. వెనక్కి తిరిగి, "ఏటి బాబూ, ఇంకా పాలకేనా?" అన్నారు. నిజంగా పాల గురించే అడిగారనుకుని తలూపాను. ఆయన నవ్వు నాకు అర్థం కావడానికి మరో అయిదు నెలలు పట్టింది.

ఈలోగా రేకుల గొడవ వచ్చింది. కప్పు వేయించడానికి విశ్వాసులు తలా కొంత ఇచ్చారు. లెక్క చెప్పడంలో ట్రెజరర్ ఆలస్యం చేశాడు. సంఘం రెండు పక్షాలైంది, అయ్యగారి వాళ్లు, కమిటీ వాళ్లు. నేను అయ్యగారి వైపు. మీటింగులో లేచి యెహోషువ 7వ అధ్యాయం, ఆకాను యెరికోలో దొంగిలించి డేరాలో పాతిపెట్టిన సంగతి, పైకి చదివాను. పేరు ఎత్తలేదు, ఎత్తాల్సిన అవసరమూ లేకపోయింది. ముందు వరసలో ట్రెజరర్ భార్య పైట చెంగు వేళ్లకి చుట్టుకుంటూ కూర్చుంది. మీటింగయ్యాక కుర్రాళ్లు నా భుజం తట్టారు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసేది ఆ నిద్ర గురించే.

మరుసటి వారం మావయ్యగారు నన్ను ఇంటికి పిలిచారు. తిడతారనుకున్నా. "మొదటి కొరింథీ పదహారు అధ్యాయాలు. వారానికొకటి నాతో చదువుతావేటి?" అన్నారు. అప్పటికి రెండు నెలల్లో బైబిలంతా ఒకసారి చదివేశానని గొప్పగా చెప్పుకునేవాణ్ని, ఆయనకీ చెప్పాను. ఆయన ఈ ఊరి కథే చెప్పారు. లండన్ మిషన్ వాళ్లు క్రాన్, డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చి, తెలుగు నేర్చుకుని, ఆనందరాయరు అనే ఆయన సాయంతో సువార్తలు తెనిగించడం మొదలుపెట్టారట. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో పోయారు. వాళ్ల తర్జుమాలో మూడు సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. "అచ్చు చూడ్డానికి ఇద్దరూ లేరు. నువ్వు రెండు నెలల్లో చదివీసినావు," అన్నారు. ఎత్తిపొడిచారో మెచ్చుకున్నారో తెలియక ఊరుకున్నాను.

మూడో వారం మూడో అధ్యాయం. మీరు క్రీస్తులో పసిబిడ్డలు, మీకు పాలే పట్టాను గాని అన్నం పెట్టలేదంటాడు పౌలు, కొరింథు సంఘానికి రాస్తూ. ఎందుకు పసిబిడ్డలు? వాక్యం రాక కాదు. మొదటి అధ్యాయం అయిదో వచనంలో, వీళ్లు సమస్త జ్ఞానంలోనూ ఐశ్వర్యవంతులని ఆయనే అన్నాడు. ఏ కృపావరానికీ లోటు లేదని ఏడో వచనం. మరి పసితనం ఎక్కడంటే, అసూయ, కలహం. ఒకడు నేను పౌలువాణ్ని అంటే ఇంకొకడు నేను అపొల్లోవాణ్ని అంటాడు. మావయ్యగారు అక్కడ చదవడం ఆపి, మంచినీళ్లు తాగడానికి లోపలికెళ్లారు. చాలాసేపు బయటికి రాలేదు.

వాదించకుండా ఉన్నానా? లేదు. పిల్లలవంటివారైతేనే పరలోకరాజ్యమని మత్తయి 18లో ఉంది కదా అన్నాను. ఆయన కొరింథీలోనే పద్నాలుగో అధ్యాయం ఇరవయ్యో వచనం తీశారు. చెడుతనం విషయంలో శిశువులుగా ఉండండి, బుద్ధి విషయంలో పెద్దవాళ్లు కండి. నేను సరిగ్గా తిరగేసి బతుకుతున్నాను.

కొరింథీ అయ్యాక హెబ్రీ 5కి తీసుకెళ్లారు, పాలు పసివాళ్లకి, బలమైన ఆహారం పెద్దవాళ్లకి అనే చోటికి. బలమైన ఆహారమంటే నా దృష్టిలో ప్రకటన గ్రంథం. ఏడు ముద్రలు, ఏడు బూరలు, ఏడు పాత్రలు రంగుల చార్టు గీసి గోడకి అంటించుకున్నవాణ్ని నేను. నిజమే, అక్కడ మెల్కీసెదెకు అనే పాతకాలపు యాజకుడి గురించిన కష్టమైన బోధే ఉంది, దాన్ని తీసిపారేయడానికి లేదు. కాని అది అరిగేది ఎవరికి? మన తెలుగు బైబిల్లో అభ్యాసంచేత "సాధకము చేయబడిన జ్ఞానేంద్రియములు" గలవాళ్లకి. సాధకం అంటే సంగీతం వాళ్లు తెల్లవారుజామున లేచి గొంతు మీద చేసేది. గ్రీకులో అక్కడున్న మాటకీ మనం జిమ్ అంటున్న మాటకీ మూలం ఒకటేనని తర్వాత తెలిసింది.

మావయ్యగారికి గ్రీకు రాదు. వెల్డింగు వచ్చు. "రాడ్డు పట్టిన కొత్తలో అందరి జాయింటూ బాగానే కనపడతాది బాబూ, పైన స్లాగ్ పొరుంటాది కదా. సుత్తితో కొట్టి రాల్చినాక చూడాల, లోపలెన్ని బొక్కలున్నాయో. నాకు ఫోర్‌మన్ పుస్తకం ఇవ్వలేదు, నా జాయింటు నా చేతే కొట్టించినాడు."

కొట్టుకోవలసిన జాయింటు ఏదో ఆయన చెప్పలేదు. మర్రిపాలెంలో ట్రెజరర్ ఇల్లు నాకు తెలుసు. మొదటిసారి సందు మొగ నుంచే తిరిగొచ్చేశాను. రెండోసారి తలుపు దాకా వెళ్లి, లోపల టీవీ మోత వింటూ నిలబడి, చెప్పులు విప్పకుండానే వచ్చేశాను. మూడోసారి ఆయనే బనీనుతో తలుపు తీశాడు.

"తప్పయిపోయిందన్నయ్యా," అన్నాను. దారంతా తయారుచేసుకున్న మిగతా నాలుగు వాక్యాలూ రాలేదు.

ఆయన ఏమీ అనకుండా లోపలికెళ్లి బట్టల కొట్టు కవరొకటి తెచ్చాడు. నిండా బిల్లులు. రేకులు, జె హుక్కులు, ఆటో కిరాయి, మేస్త్రీ సంతకం పెట్టిన నోటుబుక్కు కాగితం. వద్దన్నాను. "కూడు," అని కాలిక్యులేటర్ నా చేతిలో పెట్టాడు. నేలమీద కూర్చుని అన్నీ కూడాను. జమ కంటే ఖర్చు ఎక్కువ తేలింది, ఆ తేడా ఆయన జేబులోంచి పోయింది. వాళ్లావిడ టీ తెచ్చి నా ముందు పెట్టి, నా మొహం చూడకుండానే వెళ్లిపోయింది. ఆవిడ నాతో మళ్లీ మామూలుగా మాట్లాడడానికి రెండేళ్లు పట్టింది. అది ఆవిడ హక్కు.

ఆ తర్వాత ప్రార్థన కూడా మెల్లగా మారింది. కీర్తన 131లో పాలు మానిన బిడ్డ తల్లి దగ్గర ఉన్నట్టు అనే పోలిక ఉంటుంది. పాలకోసం కాకుండా ఊరికే ఒళ్లో కూర్చునే బిడ్డ. నాకు నెలలో అయిదారు రోజులు అలా కుదురుతుంది. మిగతా రోజులు కిరాణా చీటీయే, కాకపోతే ఇప్పుడందులో పక్కింటివాళ్ల సరుకులు కూడా ఉంటున్నాయి.

కొన్నేళ్లుగా వాగ్దానం చీటీలు రాసే పని నాకే అప్పగించారు. యిర్మీయా 29:11 రాసే ప్రతి చీటీ మీదా పైన పదో వచనం కూడా రాస్తాను. అది బబులోను చెరలో ఉన్నవాళ్లకి వెళ్లిన ఉత్తరం, వాళ్లు తిరిగి రావడానికి డెబ్బై ఏళ్లు పడుతుందని ఆ పదో వచనంలో ఉంది. మొన్న వాచ్‌నైట్‌లో పళ్లెం నేనే పట్టుకున్నాను. ఇంటర్ చదివే పిల్ల ఒకర్తె చీటీ విప్పి, డెబ్బై సంవత్సరాలు అన్న దగ్గర కళ్లు పెద్దవి చేసి, అటూ ఇటూ చూసి, మడిచి వెనక్కి వేసి ఇంకోటి తీసుకుంది.

నేను పళ్లెం కాస్త దించి పట్టుకున్నాను, చెయ్యి అందేలాగ.