రాళ్ల దారుల్లో లాంగ్ రైడ్‌కి ఏ బండి? నా మాట ఇదీ

ఆఫ్‌రోడ్‌కి ఏ బండి కొనాలన్నా అని అడిగే తమ్ముళ్ళంతా ముందు సీసీ అడుగుతారు, తర్వాత పికప్ అడుగుతారు, బరువెంత అని మాత్రం ఎవరూ అడగరు. నేను ఫస్ట్ చూసేది అదే. ఉదయగిరి, సీతారామపురం, అటు భైరవకోన దాకా కొండల కింద మట్టి దార్లు పట్టుకుని పోతా ఉంటే వాగులో గుండు రాయి మీద ముందు చక్రం జారి బండి పక్కకి పడిందనుకోండి, మేకలు కాసే మనిషి కూడా కనపడని చోటు అది, మనమొక్కళ్ళమే లేపాలి. హ్యాండిల్ ఒక పక్కకి పూర్తిగా తిప్పి, బండికి వీపు పెట్టి సీటుకి నడుం ఆనించి, కాళ్ళతో వెనక్కి నెట్టుకుంటా లేపాలి. ఎండలో రెండోసారి పడిందంటే ఒంట్లో సత్తువ ఉండదు.

అందుకే నా ఓటు హీరో ఎక్స్‌పల్స్ 200కే. 160 కేజీల లోపు బరువు, 220 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు), ముందు 21 అంగుళాల చక్రం వెనక 18, రెండూ స్పోకులే. రాయికి కొట్టుకుంటే అల్లాయ్ పగిలిపోతుంది, స్పోకు రిమ్ము వంగుతుంది అంతే, బెండు తీసేవాడు ఏ టౌన్‌లో అయినా ఉంటాడు. ట్యూబ్ టైరు కదా పంక్చరైతే ఎట్టా అంటారు, నిజమే, టైరు విప్పాలి, టైం పడుతుంది, కానీ రెండు టైర్ లివర్లు, స్పేర్ ట్యూబు, చిన్న పంపు ఉంటే మన పని మనమే చేసుకోవచ్చు, ఇంటి దగ్గర ఒకసారి విప్పి బిగించి నేర్చుకోండి. ట్యాంకు 13 లీటర్లు, లీటరుకి 35 అనుకున్నా 450 కిలోమీటర్లు.

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 కూడా నాకు చాలా ఇష్టం, నెల్లూరు-ఒంగోలు హైవే మీద గంటలు గంటలు లాగాలంటే అదే హాయి, ఎక్స్‌పల్స్ అక్కడ 80 దాటితే ఇబ్బంది పెడుతుంది. కానీ బరువు 200 కేజీలకి దగ్గర. 2023లో వచ్చిన హిమాలయన్ 450కి పవర్ బాగా పెరిగింది, ఇంజన్‌ని కూలెంట్‌తో చల్లబరిచే రేడియేటర్ కూడా వచ్చింది, కొత్త ఎక్స్‌పల్స్ 210 కూడా లిక్విడ్ కూలింగే. మంచి బండ్లే, కాదనను. కానీ పామూరులోనో కనిగిరిలోనో రోజూ స్ప్లెండర్లు విప్పే మేస్త్రీ చెయ్యి పెట్టడానికి భయపడని ఇంజన్ ఉంటే ఆ ధైర్యమే వేరు. పాత ఎక్స్‌పల్స్ 200కి చిన్న ఆయిల్ కూలర్ తప్ప రేడియేటర్ గొడవ లేదు.

ఇసుకలో, అంటే బొగ్గేరు ఏరు లాంటి చోట, టైర్లో గాలి కొంచెం తగ్గించండి, మరీ తగ్గిస్తే రిమ్ము మీద టైరు జారి తిరిగి ట్యూబు వాల్వు దగ్గర తెగిపోతుంది జాగ్రత్త. నల్లమల లోపల టైగర్ రిజర్వ్ ఉంది, పర్మిషన్ లేని దార్లోకి బండి తిప్పొద్దు.

ఇంకోటి, క్లచ్ కేబుల్ స్పేర్‌ది బ్యాగులో కాదు, పాత కేబుల్ పక్కనే పొడుగునా పరిచి ప్లాస్టిక్ ట్యాగులతో కట్టేయండి, తెగిన చోట చివర్లు మార్చి తగిలించుకుంటే చాలు, ట్యాంకు విప్పే పని ఉండదు.