పాటర్సన్‌లో బంతాకు పచ్చడి

అమ్మ గుంటూరు నుంచి వచ్చి రెండు నెలలైంది. ఎడిసన్‌లో గుళ్ళు, ఇండియన్ స్టోర్లు అన్నీ తిప్పేశాక, ఒక శనివారం న్యూజెర్సీలోనే ఉన్న పాటర్సన్ జలపాతానికి తీసుకెళ్ళాను. ఊరి మధ్యలోనే పసాయిక్ నది 77 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. ఆ నీటి బలం చూసే అక్కడ మిల్లులు పెట్టారు. ఒకప్పుడు పట్టుకు పేరుమోసిన ఊరని చెబితే అమ్మ ఆ పాత ఇటుక గోడల్ని ఆగి ఆగి చూసింది.

ఇప్పుడా ఊళ్ళో పెరూవాళ్ళు ఎక్కువ. మార్కెట్ స్ట్రీట్ వైపు కొంత భాగానికి 2016లో పెరూ స్క్వేర్ అని పేరే పెట్టారు. అక్కడ ఒక చిన్న హోటల్లో నాలుగే టేబుళ్ళు, నాలుగూ నిండిపోయాయి. సరే, పార్సిల్ చెప్పాం. ఊచలకు గుచ్చిన కోళ్ళు బొగ్గుల మీద మెల్లగా తిరుగుతున్నాయి. పోయో ఆ లా బ్రాసా అంటారు దీన్ని. 1950 ప్రాంతంలో పెరూ రాజధాని లిమా దగ్గర చక్లకాయోలో మొదలైందట. "జీలకర్ర వేశార్రా" అంది అమ్మ, గుమ్మం దగ్గరే.

జలపాతం ఎదురుగా బెంచీ మీద పొట్లాలు విప్పాం. కోడి చర్మం కరకరలాడుతోంది, లోపల కండ మెత్తగా, వెల్లుల్లి ఎముక దాకా పట్టింది. ఊదా రంగు మొక్కజొన్నను అనాస తొక్కలు, దాల్చినచెక్క, లవంగాలతో మరిగించి చేసే చిచా మొరాడ కూడా బాగుంది. ఫ్రైడ్ రైస్ మాత్రం మామూలే.

అసలు సంగతి బొటనవేలంత డబ్బాల్లో ఇచ్చిన పచ్చ సాస్‌ది. అమ్మ మూత తీసి, వేలితో నాకి, మళ్ళీ వాసన చూసింది.

"ఏరా, ఇందులో బంతాకు వేశారా?"

మిరపకాయ ఘాటు వెనక ఆ వాసన నాకూ తగిలింది. దసరాకి బంతిపూల దండలు గుచ్చాక చేతులకు మిగిలే వాసన. తిరిగి హోటల్‌కే వెళ్ళి అడిగాం. కౌంటర్ దగ్గరున్నావిడ లోపల్నుంచి ఒక సీసా తెచ్చి చూపించింది. ముదురు పచ్చటి ఆకు ముద్ద. "వకాతాయ్" అంది. ఫోన్లో చూస్తే అది నిజంగానే బంతి జాతి మొక్క, దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల వంటల్లో వాడతారు. మన మిరపకాయ కూడా ఆ ఖండం నుంచే పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి వచ్చింది. మిరపకాయ వచ్చినా, ఈ ఆకు పచ్చడి మాత్రం మన దాకా రాలేదు. అమ్మకి స్పానిష్ రాదు, ఆవిడకి తెలుగు రాదు. సీసా మూత దగ్గర ఇద్దరూ వాసన చూసుకుంటూ తలలూపుకున్నారు.

పక్కనే ఉన్న కిరాణా కొట్లో అదే సీసా దొరికింది. రాత్రి అమ్మ అందులోంచి రెండు చెంచాలు తీసి, వేయించిన పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, కాస్త చింతపండు వేసి మిక్సీ పట్టింది. వేడన్నంలో నెయ్యి వేసి కలిపి, మొదటి ముద్ద నాకు పెట్టి, నా మొహంలోకి చూస్తూ కూర్చుంది.