400 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోయిన ల్యాప్‌టాప్

చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసు ల్యాప్‌టాప్. ఐ5-8250యూ ప్రాసెసర్, ఉబుంటు లినక్స్. బిల్లుల షీటు తెరవాలంటే నిమిషం. మామూలుగా 1.6 గిగాహెర్ట్జ్, టర్బోలో 3.4 దాకా పోవాల్సింది. ఎనిమిది త్రెడ్లూ 400 మెగాహెర్ట్జ్ దగ్గరే కూర్చున్నాయి.

ఇలాంటప్పుడు అందరూ ముందు పట్టుకునేది గవర్నర్‌నే, అంటే ప్రాసెసర్ వేగాన్ని నడిపే లినక్స్ సెట్టింగ్‌నే. నేనూ అంతే. ‘పవర్‌సేవ్’ అని కనబడితే దొంగ దొరికాడనుకుంటాం. కానీ ఇంటెల్ పీ-స్టేట్ డ్రైవర్‌లో పవర్‌సేవ్ వేగాన్ని అడుగున కట్టెయ్యదు, పని పెరిగితే టర్బో దాకా పోనిస్తుంది. కట్టేసేది పాత ఏసీపీఐ డ్రైవర్‌లోది. పేరొకటే, పని వేరు. పర్ఫార్మెన్స్ పెట్టినా 400 దాటలేదు. గరిష్ఠ వేగం ఫైల్లో 3400000 ఉంది (కిలోహెర్ట్జ్ లెక్క), ‘నో టర్బో’లో సున్నా, అంటే టర్బో ఆపలేదు. కాబట్టి అడ్డం లినక్స్‌ది కాదు, బోర్డుది.

ఛార్జర్ పీకా. వెంటనే 3 గిగాహెర్ట్జ్ దాటింది. మళ్ళీ గుచ్చితే 400.

గుండ్రటి మూతి ఛార్జర్, మధ్యలో సన్న పిన్ను. తాను ఎన్ని వాట్లదో ఛార్జర్ చెప్పేది ఆ పిన్ను ద్వారానే. పిన్ను వంగినా, లోపల తీగ తెగినా, డూప్లికేటు ఛార్జరైనా ఆ కబురు అందదు. అప్పుడు బోర్డు ప్రాక్‌హాట్ (‘వేడెక్కింది, తగ్గు’ అనే) సంకేతం లేపి, వేడి లేకపోయినా ప్రాసెసర్‌ని తొక్కిపెడుతుంది. బయోస్‌లో అడాప్టర్ ‘అన్‌నోన్’ అని ఉండి, బ్యాటరీ కూడా ఎక్కకపోతే ఇక వేరే అనుమానం అక్కర్లేదు.

ఒంగోలు నుంచి ఒరిజినల్ ఛార్జర్ వచ్చేదాకా పని ఆగకూడదు. ఎంఎస్ఆర్ (ప్రాసెసర్ లోపలి సెట్టింగుల రిజిస్టర్లు) టూల్స్ వేసి, ఎంఎస్ఆర్ మాడ్యూల్ లోడ్ చేసి, 1ఎఫ్‌సీ రిజిస్టర్ చదివా. చివర 5డీ. బోర్డు లేపే ఆ సంకేతాన్ని ప్రాసెసర్ వినాలా వద్దా అనేది అందులో అన్నిటికన్నా చివరి బిట్ (0వ బిట్), అది తీస్తే 5సీ. ముందున్న అంకెలు మీ మిషన్‌లో ఏవుంటే అవే ఉంచాలి, ఎక్కడో చూసిన విలువ దించెయ్యకూడదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే రాయనివ్వదు. రీబూట్ చేస్తే మార్పు పోతుంది, పోవడమే మంచిది. ప్రాసెసర్ తన వేడికి తాను తగ్గడం దీనివల్ల ఆగదు గానీ, బోర్డులో ఇంకేదైనా కాలుతుంటే అరిచే నోరు మూసినట్టే.

కొత్త ఛార్జర్‌తో వేగం వచ్చింది, వెంటే వేడీ వచ్చింది. 97 డిగ్రీలు, మళ్ళీ 1.1కి జారుడు. అడుగు మూత విప్పితే ఫ్యానుకీ హీట్‌సింక్ రెక్కలకీ మధ్య రాతిపొడి కంబళి ముక్కలా పేరుకుంది. బ్లోయర్ కొట్టేముందు ఫ్యాను రెక్క వేలితో పట్టుకోవాలి, లేకపోతే గిర్రున తిరిగి బేరింగ్ పోతుంది. పొడి కొంచెం తడి తగిలి గట్టిపడింది, దాన్ని పాత టూత్‌బ్రష్షుతో గీకా. ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు (వేడిని హీట్‌సింక్‌కి అందించేది) స్పిరిట్‌తో తుడిచి, బియ్యపు గింజంత కొత్తది పెట్టా.

ఇప్పుడు ఎడతెగని పనిలో 2.4 గిగాహెర్ట్జ్, 78 డిగ్రీలు. 3.4 నిలవదేంటని అడగొద్దు, ఇది 15 వాట్ల ప్రాసెసర్. కరెంటు వాడకం చూసే ప్రోగ్రాములు టీఎల్‌పీ, పవర్ ప్రొఫైల్స్ డీమన్ రెండూ ఉన్నాయి, ఒకటి పెట్టింది ఇంకోటి మారుస్తోంది. టీఎల్‌పీ తీసేశా. ఆ ఆఫీసులో మాత్రం మూణ్ణెల్లకోసారి మూత విప్పాల్సిందే.