బ్లాస్టర్ సర్టిఫికెట్ మౌఖిక పరీక్షకు నేను చదివిన తీరు

సున్నపురాయి గనిలో బ్లాస్టింగ్ (పేలుడు మందుతో రాయిని పగలగొట్టే పని) హెల్పర్‌గా పనిచేస్తూ, గనుల భద్రతను చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ ఇచ్చే బ్లాస్టర్ సర్టిఫికెట్‌కు చదివినవాణ్ణి. గనిలో పేల్చే పనికి బాధ్యుడే బ్లాస్టర్. ఇప్పుడు ఆ సర్టిఫికెట్‌తోనే ఉద్యోగం చేస్తున్నాను. హుజూర్‌నగర్, జగ్గయ్యపేట, తాడిపత్రి, ఎర్రగుంట్ల, తాండూరు వైపు సిమెంటు గనుల్లో డ్రిల్లింగులోనో మ్యాగజైన్ (పేలుడు మందు దాచే గిడ్డంగి) దగ్గరో పనిచేసే తమ్ముళ్ళు ఫోను చేసి, "అన్నా, ఏ పుస్తకం చదవాలి?" అని అడుగుతుంటారు. పుస్తకం పేరు చెప్పడం తేలికే. దాన్ని ఏ వరుసలో చదవాలన్నదే అసలు సంగతి.

ముందుగా మీరు రాయబోయేది ఏ పరీక్షో తేల్చుకోండి. గనిలో పేల్చేవారికి 2025 నవంబరు వరకు 1952 నాటి మైన్స్ యాక్ట్ వర్తించేది; ఇప్పుడు దాని స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ ఉంది. సర్టిఫికెట్ ఇచ్చేది ధన్‌బాద్ కేంద్రంగా ఉన్న డీజీఎంఎస్. బొగ్గు గనులకు 2017 నాటి కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ ఉన్నాయి. సున్నపురాయి, మంగంపేట ముగ్గురాయి, తుమ్మలపల్లె యురేనియం వంటివన్నీ 1961 నాటి మెటాలిఫెరస్ మైన్స్ రెగ్యులేషన్స్ కిందికి వస్తాయి. పేరు చూసి ఇనుము, రాగి గనులకే అనుకోవద్దు. గని కాని చోట, అంటే రోడ్డు కోసం కొండ తొలిచేటప్పుడో బావి తవ్వేటప్పుడో పేల్చేవారికి 2008 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్ ప్రకారం షాట్‌ఫైరర్ పర్మిట్ కావాలి. అది నాగపూర్ కేంద్రంగా ఉన్న పెసో (పేలుడు పదార్థాల లైసెన్సులు చూసే కేంద్ర సంస్థ) వ్యవహారం. సింగరేణి మిత్రుల నోట్సు తెచ్చుకుని, మీథేన్ శాతాలు, బొగ్గు గనుల్లో వాడే పీ-5 రకం పేలుడు మందు వివరాలు బట్టీపట్టి, సున్నపురాయి గని అభ్యర్థిగా పరీక్ష బోర్డు ముందు కూర్చున్నవాళ్ళను చూశాను. కష్టమంతా వృథా.

ఇక చదివే వరుస. రెగ్యులేషన్లను అంకెల క్రమంలో చదివితే నిద్ర వస్తుంది, గుర్తుండవు. బోర్డు కూడా "164వ రెగ్యులేషన్‌లో ఏముంది?" అని మొదలుపెట్టదు. "మందు బండి గని గేటు దగ్గరికి వచ్చింది, మీరే బ్లాస్టర్, చెప్పండి" అంటుంది. అందుకే నేను ఒక బ్లాస్టింగ్ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా జరిగే పనులను నోట్సులో వరుసగా రాసుకుని, ఒక్కో పని పక్కన దానికి సంబంధించిన నిబంధన చేర్చాను. మ్యాగజైన్, రవాణా, బోరులో (రాతిలో తొలిచిన రంధ్రంలో) మందు నింపడం, స్టెమింగ్ (మందు పైన బోరు మూతిని కూరడం), కనెక్షన్, సైరన్, ఫైరింగ్, తనిఖీ, మిస్‌ఫైర్ (మందు పేలకుండా మిగిలిపోవడం). మనం రోజూ చేసే పనే కాబట్టి మనసులో ఆ బెంచి (గనిలో మెట్టులా తవ్విన చోటు) మీద నడుస్తూ జవాబు చెప్పవచ్చు.

మ్యాగజైన్ దగ్గర తప్పకుండా అడిగేది పేలుడు పదార్థాల తరగతులు. నైట్రేట్ మిశ్రమాలు రెండో తరగతి. నైట్రోగ్లిజరిన్ ఉన్నవి మూడో తరగతి. ఆరో తరగతిలో మొదటి విభాగం సేఫ్టీ ఫ్యూజు (మెల్లగా కాలే వత్తి), రెండోది డెటొనేటింగ్ ఫ్యూజు (తానే పేలుతూ పోయే తాడు), మూడోది డెటొనేటర్లు (మందును పేల్చే చిన్న గొట్టాలు). ఆరులో విభాగాలు తారుమారు చేస్తే తర్వాతి ప్రశ్నలు అక్కడే చిక్కుకుంటాయి. నైట్రోగ్లిజరిన్ మందుల తయారీ మన దేశంలో 2004లోనే ఆగిపోయింది. వాటిని చేత్తో పట్టుకుంటే తలనొప్పి వచ్చేదని పాత కార్మికులు చెబుతారు. రక్తనాళాలను వ్యాకోచింపజేసే గుణం నైట్రోగ్లిజరిన్‌కు ఉంది. మా బోర్డులో ఒక పెద్దాయన ఈ తలనొప్పి కారణమే అడిగారు. సిలబస్‌లో వెతికితే దొరకదు, పాత బ్లాస్టర్ల పక్కన కూర్చుంటే దొరుకుతుంది.

రవాణాను చాలామంది తేలికగా తీసుకుంటారు. డెటొనేటర్లు, మందు వేర్వేరుగా ఎందుకు పోవాలి, దించేటప్పుడు అక్కడ ఎవరు ఉండాలి, ఎవరు ఉండకూడదు అన్నవి కారణంతో సహా చెప్పగలగాలి. 2021 మే 8న కడప జిల్లా మామిళ్ళపల్లె దగ్గర క్వారీలో పేలుడు పదార్థాలు దించుతుండగా పేలి పది మంది చనిపోయారు. ఆ వార్త చదివినవారికి ఈ నిబంధనలు మళ్ళీ బట్టీపట్టాల్సిన అవసరం రాదు.

మందు నింపే దశలో 161, 162 రెగ్యులేషన్లు చదవండి. నింపడానికి, కూరడానికి పూర్తిగా చెక్కతో చేసిన పరికరమే వాడాలి. బోరు సన్నగా ఉంటే కార్ట్రిడ్జిని (మందు పొట్లాన్ని) బలవంతంగా దూర్చకూడదు. ఒకసారి నింపిన మందును బయటికి తీయకూడదు. ఓపెన్‌కాస్టులో (పైనుంచి తెరిచి తవ్వే గనిలో) ఆ రోజు నింపిన బోర్లను వీలైనంత వరకు ఆ రోజే పేల్చాలి. పగటి వెలుతురు గాని, చాలినంత దీపాల వెలుతురు గాని లేకుండా పేల్చకూడదు. బోర్డు వీటిని విడివిడిగా అడగదు, కలిపి అడుగుతుంది: "సగం బోర్లు నింపారు, పడమటి నుంచి ఉరుములతో మబ్బు వస్తోంది, ఏం చేస్తారు?" నింపడం ఆపి, మనుషులను దూరంగా పంపి, కాపలా పెట్టి, మేనేజరుకు చెప్పడం వరకు వరుసగా చెప్పాలి. "త్వరగా నింపి పేల్చేస్తాను సార్" అన్న అభ్యర్థికి ఆ రోజు పరీక్ష అక్కడితో ముగిసినట్టే.

లెక్కలకు భయపడవద్దు. బర్డెన్ (బోరు నుంచి బెంచి తెరిచిన ముఖానికి దూరం) 3 మీటర్లు, స్పేసింగ్ (బోరుకూ బోరుకూ మధ్య దూరం) 4 మీటర్లు, బెంచి ఎత్తు 9 మీటర్లు అంటే ఒక్కో బోరుకు 108 ఘనపు మీటర్ల రాయి. సాంద్రత 2.5 అనుకుంటే 270 టన్నులు. బోరులో 54 కిలోల మందు వేస్తే కిలోకు 5 టన్నులు. ఈ స్థాయి దాటి నన్నేమీ అడగలేదు. కానీ బర్డెన్ తగ్గితే రాళ్ళు ఎందుకు ఎగురుతాయి, స్టెమింగ్ తగ్గితే చప్పుడు ఎందుకు పెరుగుతుంది అని మాత్రం గట్టిగా అడిగారు.

ఊరికి దగ్గరగా ఉన్న గనుల వారికి పేలుడు వల్ల నేల కంపించడం గురించిన ప్రశ్న తప్పదు. డీజీఎంఎస్ 1997లో ఇచ్చిన ఏడో టెక్నికల్ సర్క్యులర్ ప్రకారం, గని యజమానికి చెందని ఇళ్ళకు కంపన పౌనఃపున్యం 8 హెర్ట్జ్‌ల లోపు ఉంటే నేల కదిలే వేగానికి సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 మధ్య 10, ఆ పైన 15 హద్దు. తక్కువ పౌనఃపున్యానికే హద్దు ఎందుకు కఠినంగా ఉందో ఆలోచించి వెళ్ళండి. ఇళ్ళ సహజ ఊపు ఆ పరిధిలో ఉంటుంది గనుక అని చెబితే చాలు.

ఇప్పుడు డేంజర్ జోన్, అంటే పేల్చేటప్పుడు మనుషులు ఉండకూడని పరిధి. 164 మూలపాఠంలో 300 మీటర్లని ఉంటుంది. తర్వాత సర్క్యులర్ ద్వారా దాన్ని 500 మీటర్లు చేశారు. కొత్త బొగ్గు రెగ్యులేషన్లలో 500 అనే ఉంది. రెండు అంకెలూ, అవి ఎక్కడివో చెప్పండి. ఆ పరిధిలో ప్రజల రోడ్డు ఉంటే రెండు కొసల్లోనూ మనిషిని నిలబెట్టి, బండ్లు ఆగాయని ఇద్దరి నుంచీ కబురు అందాకే పేల్చాలి.

అన్నిటికంటే ఎక్కువ సమయం మిస్‌ఫైర్‌కు పెట్టండి. నా మౌఖిక పరీక్షలో సగానికి పైగా దీని మీదే నడిచింది. "పేలినవి ఎన్నో ఎలా తెలుస్తుంది?" లెక్కపెట్టాలి సార్. "బోర్లు మిల్లీసెకన్ల తేడాతో పేలే డిలేలో లెక్కపెట్టగలరా?" లేదు సార్, చెవితో తేలదు, కాబట్టి పొగ, దుమ్ము తగ్గాక ముందు నేనే వెళ్ళి ముక్కల రాశి, ఫేసు (రాతి ముఖం), మిగిలిన షాక్ ట్యూబులు (డెటొనేటరుకు పేలుడు సంకేతం చేర్చే సన్నని గొట్టాలు) చూస్తాను. "అనుమానం ఉంటే?" అన్నీ పేలాయని రూఢి అయ్యేదాకా ఎవరినీ రానివ్వను. ఫ్యూజుతో పేల్చితే 30 నిమిషాలు ఆగాలి. కరెంటుతో అయితే తీగలు విడదీశాక 5 నిమిషాలు. "తర్వాత?" పేలని బోరుకు 30 సెంటీమీటర్లకు తగ్గకుండా, దానికి సమాంతరంగా మరో బోరు వేసి పేల్చాలి. "సమాంతరంగా ఎందుకు?" వంకరగా పోతే డ్రిల్లు రాడ్డు పేలని మందులోకే దిగుతుంది సార్. "షిఫ్టు అయిపోయింది, మీ బస్సు వెళ్ళిపోతోంది?" తర్వాతి బ్లాస్టరుకు ఆ చోటు చూపించి, రాతపూర్వకంగా అప్పగించాకే వెళ్తాను. ఇలా ఒక్కో జవాబు వెనుక మరో 'ఎందుకు' ఉంటుంది. స్నేహితుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రతి జవాబుకూ 'ఎందుకు' అని అడగమనండి. గొంతులో తడబాటు అలాగే పోతుంది. ఖరీదైన కోచింగ్ నోట్సుకంటే ఇది నాకు ఎక్కువ పనికొచ్చింది.

కొత్తగా చదివేవారికి ఒక మార్పు చెప్పాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి విద్యుత్ డెటొనేటర్ల తయారీ, నిల్వ, దిగుమతిని ప్రభుత్వం నిషేధించింది. షాక్ ట్యూబ్, ఎలక్ట్రానిక్ డెటొనేటర్లే దిక్కు. అయినా పుస్తకంలో విద్యుత్ ఫైరింగ్ నిబంధనలు ఉన్నంతకాలం అడగవచ్చు, కనుక వదిలేయకండి. సర్క్యూట్ తనిఖీ, పేల్చే యంత్రపు తాళంచెవి బ్లాస్టర్ దగ్గరే ఉండాలన్న నియమం చదువుకోండి. షాక్ ట్యూబ్‌ను మీటరుతో పరీక్షించలేము కాబట్టి కంటితో చూసే తనిఖీ ఎలా చేస్తారో మీ మాటల్లో చెప్పడం అలవాటు చేసుకోండి.

160వ రెగ్యులేషన్‌లో ఒక చిన్న నియమం నాకు బాగా నచ్చింది. పేల్చిన రాయి పరిమాణాన్ని బట్టి కూలి వచ్చే మనిషిని బ్లాస్టరుగా నియమించకూడదు. టన్నుకు ఇంత అని డబ్బు వస్తుంటే పేల్చవద్దని చెప్పడానికి నోరు రాదని ఆ నియమం రాసినవారికి తెలుసు. దీన్ని ఎందుకు పెట్టారని అడిగితే ఆ కారణమే చెప్పండి.

కాగితాల సంగతి క్లుప్తంగా. ప్రథమ చికిత్స సర్టిఫికెట్, వైద్య పరీక్ష, వయసు రుజువు ముందే సిద్ధం చేసుకోండి. అనుభవ పత్రంలో "జనరల్ మజ్దూర్" అని మాత్రమే రాయించుకుంటే ఇబ్బంది పడతారు. బ్లాస్టింగ్ పనిలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నారో స్పష్టంగా రాయించి, గని మేనేజరు సంతకం, ముద్ర తీసుకోండి. మేనేజరు బదిలీ అవుతున్నారని తెలిస్తే ఆయన వెళ్ళేలోపే ఈ పని ముగించుకోండి.