బయానా లేని తప్పెట

మా నాన్నది మైకు సెట్ల షాపు. బొబ్బిలి చుట్టుపక్కల పెళ్లిళ్లకీ అమ్మవారి పండగలకీ బాక్సులు అద్దెకిస్తాడు. మీ అబ్బాయి ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే "పాటలు మిక్సింగ్ చేస్తాడు" అని ఊరుకుంటాడు. ఒకసారి ధైర్యం చేసి డ్రమ్ అండ్ బేస్ అని చెప్పాడట. అవతలాయన "డ్రమ్ములు అద్దెకా, అమ్మకానికా?" అన్నాడు. అప్పట్నుంచీ మళ్లీ మిక్సింగే.

పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. అన్నం పెట్టేది మాత్రం ఇది కాదు. యూట్యూబ్ జానపదాలకి మ్యూజిక్ ప్రోగ్రామింగ్ చేస్తాను, పెళ్లి వీడియోలకి ఆడియో సరిచేస్తాను. రాత్రి పది దాటాకే నా సొంత పని.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 1990ల మొదట్లో లండన్, బ్రిస్టల్ కుర్రాళ్ల చేతుల్లో పెరిగిన సంగీతం ఇది. నిమిషానికి 170 దెబ్బల పైచిలుకు వేగం. నేను 174లో చేస్తాను. డ్రమ్ము అంత వేగంగా పోతుంటే, కింద బేస్, అంటే లోతుగా గుమ్మనే కింది స్వరం, అందులో సగం వేగంతో, 87లో నడుస్తుంది. పైన గుర్రం పరిగెడుతుంటే కింద ఎద్దుబండి వెళ్తున్నట్టు. ఈ రెండూ ఒకేసారి చెవికి అందితేనే మజా. అందకపోతే తలనొప్పి.

అందకపోవడం ఎలా ఉంటుందో కళ్లారా చూశాను. ఒక ఊరేగింపులో నాన్న భోజనానికి వెళ్లిన పది నిమిషాల్లో నా ట్రాకు వేశాను. అప్పటిదాకా డప్పు పాటకి ఎగురుతున్నవాళ్లంతా బొమ్మల్లా నిలబడిపోయారు. పెళ్లికొడుకు మేనమామ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. చివర్లో ఒక్క గుంటడు, పదేళ్లుంటాయేమో, డ్రమ్ముని పట్టించుకోకుండా బేస్‌కి అడుగేయడం మొదలుపెట్టాడు, నెమ్మదిగా, భుజాలు ఊపుతూ. వాడికి అర్థమైంది! ఈలోగా నాన్న చెయ్యి కూడా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చి ఆపేశాడు.

మొదట్లో నేను చేసిన తప్పులకి లెక్కలేదు గానీ ఒకటి చెప్పాలి. మా ఇంట్లో ఎర్తింగ్ బాగుండేది కాదు, స్పీకర్లలో ఎప్పుడూ సన్నగా గుర్రుమనే శబ్దం. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా. నేను ఇష్టంగా వాడే కింది జి స్వరం 49 హెర్ట్జ్. ఆ రెండూ కలిసి సెకనుకోసారి ఉబ్బి తగ్గేవి. ఆ ఊగుడు నా బేస్‌లోనే ఉందనుకుని మురిసిపోయాను. నెల రోజుల తర్వాత విశాఖలో స్నేహితుడి గదిలో వింటే ఊగుడు లేదు, గీగుడు లేదు, బల్లమీద గీత గీసినట్టు చదునుగా ఉంది. ఇంటికొచ్చి గొయ్యి తవ్వించి ఉప్పూ బొగ్గూ వేయించి ఎర్తింగ్ బాగు చేయించాను. నేను సంగీతం మీద పెట్టిన మొదటి పెట్టుబడి అదే.

ఫోనులో వినేవాళ్ల సంగతి ఇంకొకటి. ఆ బుల్లి స్పీకరు ఇంత కింది స్వరాన్ని పలికించలేదు. బేస్ ఒక్కటే ఉన్నచోట "పాట మధ్యలో ఆగిపోతోంది, చూసుకోండి" అని మెసేజ్ పెడతారు.

ఇక తప్పెటగుళ్లు. మా ఊళ్లో ఒక తాత ఉన్నాడు, ఒకప్పుడు పదహారు మంది జట్టుకి గురువు. రేకు తప్పెట గుండెకి కట్టి, కాళ్లకి గజ్జెలేసి, రెండు చేతులా వాయిస్తూ గెంతుతుంటే ఎవరూ కూర్చోలేరు. తల్విన్ సింగ్ తబలానీ ఈ సంగీతాన్నీ కలిపి చేసిన ఆల్బమ్‌కి 1999లో ఇంగ్లండ్‌లో మెర్క్యురీ ప్రైజ్ ఇచ్చారని చదివినప్పుడే, తబలా వెళ్లినచోటికి తప్పెట ఎందుకు వెళ్లదు అనిపించింది. ఒక మధ్యాహ్నం తాతని అరుగు మీద కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు రికార్డు చేశాను.

ల్యాప్‌టాప్‌లో పెట్టి చూస్తే 130 దగ్గర మొదలైన దరువు చివరికి 150 దాటింది. మొత్తాన్ని కుదించి 174కి కడితే ప్రాణం పోయింది, రేకు డబ్బా కొట్టినట్టు ఉంది. రెండు వారాలు కూర్చుని ఒక్కో దెబ్బనీ విడిగా కోశాను. అరచేతి దెబ్బ, వేళ్ల దెబ్బ, అంచు మీద దెబ్బ, వెనక గజ్జె. వాటిని మళ్లీ నా లెక్కలో పేర్చుకున్నాను. నాలుగు ట్రాకులయ్యాయి. పాటలమ్మే వెబ్‌సైటు బ్యాండ్‌క్యాంప్‌లో పెడితే, వాళ్ల పదిహేను శాతం, పేపాల్ కోత పోను ఏడాదిలో పదకొండు వేల చిల్లర వచ్చింది. కొన్నవాళ్లలో మన దేశం వాళ్లు ముగ్గురు.

డబ్బు చూడగానే గ్రెగరీ కోల్‌మన్ గుర్తొచ్చాడు. ఈ సంగీతానికంతటికీ మూలం ఆయన వాయించిన ఏడు సెకన్ల డ్రమ్ము ముక్క. 1969లో ద విన్‌స్టన్స్ అనే అమెరికా బ్యాండు రికార్డులోది. దాన్ని కోసి, వేగం పెంచి, తిరగేసి వేల పాటలు చేశారు. ఆయనకి ఒక్క డాలరూ ముట్టలేదు, 2006లో చనిపోయాడు. 2015లో అభిమానులు చందాలేసి 24 వేల పౌండ్లు పోగుచేశారు గానీ అవి బ్యాండు నాయకుడు రిచర్డ్ స్పెన్సర్ చేతికి వెళ్లాయి. కోల్‌మన్ అప్పటికి లేడు.

అందుకే సగం డబ్బు కవర్లో పెట్టి తాత దగ్గరికి వెళ్లాను. ముందు ట్రాకు వినిపించాను, హెడ్‌ఫోన్స్ పెట్టి. కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు.

"సెయ్యి నాదేరా బాబూ. వాయించింది నాను కాదు."

కవరు ఇస్తే తీసుకోలేదు. "అప్పుడు బయానా ఇచ్చావేటి? బయానా లేందే మేం గజ్జె కట్టం. అది నీతో కబుర్లాడతా అరుగు మీద కొట్టింది. దానికి డబ్బులేటి?" అన్నాడు. నాకు మాట రాలేదు. నేను కోల్‌మన్‌కి జరిగిన అన్యాయాన్ని సరిచేస్తున్నాననే ఊపులో వెళ్లాను మరి.

మర్నాడు తమలపాకులు, వక్కలు, నూటపదహార్లు పళ్లెంలో పెట్టుకుని వెళ్లాను. అప్పుడు మాట్లాడాడు. సంక్రాంతి వెళ్లాక జట్టంతా వస్తారు. ఇద్దరు హైదరాబాదులో కూలి పనికెళ్లారు, వాళ్ల చార్జీలు నావి. భోజనం, రెండు ఆటోలు నావి. కొయ్యడానికి వీల్లేదు, మొదలెట్టిన దరువు ముగిసేదాకా ఉండాలి. వేగం తప్పకుండా టిక్ టిక్ మనే క్లిక్ ట్రాకు చెవిలో పెడతానంటే "అది మా ఎనకాల రమ్మను" అన్నాడు.

130 నుంచి 150కి పరిగెత్తే పదహారు తప్పెటల కింద బేస్ ఎలా నడపాలో వారం రోజులుగా కుస్తీ పడుతున్నాను. ఎద్దుబండి కూడా ఈసారి పరిగెత్తక తప్పేట్టు లేదు. మైకులు నాన్న ఇస్తానన్నాడు, అద్దెకి.