బట్టలు చూడ్డానికి మిలాన్ దాకా

ఇటలీలో ఉన్న మిలాన్ వెళ్తామని మా అత్తమ్మకి చెప్పగానే వచ్చిన మొదటి మాట, "ఏటమ్మా, బట్టలు చూడ్డానికి అంత దూరం ఏటి, జగదాంబలో షాపుల్లేవా?" అని. ఉన్నాయి అత్తమ్మా. కానీ పదకొండేళ్ళ నుంచి వైజాగ్ డాబాగార్డెన్స్‌లో కూర్చుని బ్లౌజులు కుడుతున్నా, మగ్గం వర్కు చేయిస్తున్నా, ఒక్కసారైనా మిలాన్‌లో అద్దం వెనక తగిలించిన కోటుకి చంక దగ్గర కుట్టు ఎలా తిప్పారో కళ్ళతో చూడాలని నా పిచ్చి. కొనేది లేదు, చూడ్డానికి డబ్బులు తీసుకోరు కదా, ఆ ఒక్క ధైర్యంతోనే మొదలెట్టా.

మొదట్లోనే ఒక తప్పు చేశా. దసరా సీజన్ ఆర్డర్లు మీద పడకముందే వెళ్ళొచ్చేద్దామని సెప్టెంబర్ ఆఖర్లో రూములు వెతికితే ఆ రేట్లు చూసి మా ఆయన ఫోన్ తిరగేసి పెట్టేశారు, మిలాన్ అంటే ఇంతేనేమో మన వల్ల కాదులే అనుకుని రెండు నెలలు ఆ ఊసే ఎత్తలేదు. తర్వాత తెలిసింది, అది ఫ్యాషన్ వీక్ టైము అని. ఆడవాళ్ళ షోలు ఫిబ్రవరిలో, సెప్టెంబర్‌లో, మగవాళ్ళవి జనవరిలో, జూన్‌లో. ఏప్రిల్‌లో ఫర్నిచర్ ఎగ్జిబిషన్ ఒకటి ఉంటుంది, అప్పుడు ఇంకా ఘోరం. ఆగస్టు 15 చుట్టుపక్కల ఊళ్ళో చిన్న షాపులు సగం తాళాలేసుకుని సెలవులకి పోతాయట, నాకు అదీ పనికిరాదు. నవంబర్‌కి మార్చి చూస్తే అదే హోటల్ సగం కంటే తక్కువ! చలి, వాన ఉంటాయి, ఉండనీ. డబ్బు మిగిలేదంతా డేట్లలోనే ఉంది, మిగతావన్నీ చిల్లరే.

రూము సిటీ మధ్యలో వద్దనుకున్నాం. సెస్టో సాన్ జొవాన్ని అని శివార్లలో ఉంది, మనకి గాజువాక అనుకోండి, కాకపోతే అక్కడ్నుంచి ఎర్ర లైను మెట్రో ఎక్కితే మారకుండా సరాసరి ఊరి మధ్యలో ఉన్న పెద్ద చర్చి, దువోమో దగ్గరే దింపుతుంది. టికెట్ 2.20 యూరోలు, 90 నిమిషాలు పనికొస్తుంది, రోజంతా తిరగాలంటే 7.60. హోటల్లో మనిషికి రాత్రికి ఇంత అని సిటీ ట్యాక్స్ వేరే కట్టాలి, బుకింగ్‌లో అది చాలాసార్లు కలపరు, చూసుకోండి. మాల్పెన్సా ఎయిర్‌పోర్ట్ ఊరికి దాదాపు 50 కిలోమీటర్లు, ట్యాక్సీ మాట మర్చిపోండి, బస్సులో వెళ్ళిపోవచ్చు.

వీసాకి మాత్రం తగ్గించుకునే దారి లేదు. ఫీజే 90 యూరోలు, 30,000 యూరోల కవర్ ఉన్న ఇన్సూరెన్స్ కావాలి, మళ్ళీ వేలిముద్రలకి హైదరాబాద్ వెళ్ళాలి, సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పొద్దున్నే దిగి పని చూసుకుని మళ్ళీ అదే బండికి వెనక్కి, హోటల్ ఖర్చు లేకుండా. ఒక ట్రావెల్స్ ఆయన ఈ కాగితాలు పెట్టినందుకే అడిగిన డబ్బుతో నేను బట్ట అంచులు కుట్టే కొత్త ఓవర్‌లాక్ మెషిన్ కొనుక్కోవచ్చు. ఫారం మేమే నింపుకున్నాం, మూడు రాత్రులు పట్టింది, రెండు గొడవలయ్యాయి.

శుక్రవారం రాత్రికి దిగేలా ప్లాన్ వేశా, ఇక్కడ కొంచెం తెలివి వాడాననే చెప్పాలి. వియాలే పపినియానోలో మంగళవారం, శనివారం రోడ్డు మీద సంత పెడతారు, బట్టలూ చెప్పులూ కూరగాయలూ అన్నీ, మన పూర్ణా మార్కెట్ లాగే బేరాలు, నా శనివారం మొత్తం అక్కడే. మర్నాడు నెలలో మొదటి ఆదివారం, ఆ రోజు ప్రభుత్వ మ్యూజియాలు ఫ్రీ కాబట్టి బ్రేరా గ్యాలరీకి. పాత పెయింటింగుల్లో పట్టు బట్టల మడతలు వేసిన తీరు చూస్తే ఏ క్లాసులోనూ చెప్పని విషయాలు తెలుస్తాయి. లియొనార్డో లాస్ట్ సప్పర్ పెయింటింగ్ చూడాలంటే మాత్రం చాలా ముందే బుక్ చేసుకోవాలి, అప్పుడు కూడా లోపల పదిహేను నిమిషాలే. దొరికితే చూస్తాం, లేదంటే లేదు.

1386లో మొదలుపెట్టిన దువోమో పైకప్పు మీదకి లిఫ్టు టికెట్ ఎక్కువ, మెట్లకి తక్కువ. మెట్లు రెండొందల యాభై చిల్లర. సింహాచలం మెట్లెక్కే ఊరోళ్ళం, మనకి లిఫ్టేంటండీ. భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళాలి, అది మనకి చెప్పక్కర్లేదు. ఆ పక్కనే గలెరియా అనే పాత షాపింగ్ ఆర్కేడ్, ఇంకాస్త నడిస్తే ఖరీదైన బట్టల షాపులుండే మోంటెనపొలియోనె వీధి, నేను చూడాలనుకున్న షాపుల అద్దాలన్నీ అక్కడే. మా ఆయన్ని ఎక్కడైనా కాఫీకి వదిలేస్తా, కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక రేటు, కుర్చీలో కూర్చుంటే ఇంకో రేటు, కాబట్టి నిలబడే తాగమని ఇప్పట్నుంచే చెప్తున్నా.

ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న పంచాయితీ తిండిది. అత్తమ్మ నాటుకోడి పచ్చడి పెడతానంటున్నారు, యూరప్‌లోకి బయట్నుంచి మాంసం, పాలతో చేసినవి తీసుకెళ్ళనివ్వరని చెప్తే నమ్మట్లేదు. మాడుగుల హల్వా కూడా నెయ్యి కదా రిస్క్ ఎందుకని వద్దన్నా. ఆవకాయకి ఒప్పుకున్నా. నిన్న సూట్‌కేస్ తెరిచి చూస్తే నా కొలతల టేపు పక్కన ఆ హల్వా డబ్బా మళ్ళీ కనిపించింది.