కళింగపట్నంలో చెన్నై గొంతు

నిన్న తెల్లవారుజామున కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర ఇసుకలో కూర్చున్నాను. ఆకు కదలడం లేదు, సముద్రం మీద పల్చగా మంచు. చేతిలో నాన్న పాత పాకెట్ రేడియో. ఏరియల్ పూర్తిగా లాగి ముల్లు మెల్లగా తిప్పుతుంటే బుస్సుమనే చప్పుడు మధ్యలోంచి స్పష్టంగా తమిళం! "చెన్నై" అన్న మాట చెవిన పడగానే ఒళ్లు పులకరించింది.

ఎఫ్ఎం మామూలుగా వంద కిలోమీటర్లు దాటడమే కష్టం. చెన్నై ఇక్కడికి సుమారు 700. సముద్రాన్ని ఆనుకుని చల్లని తేమగాలి, దానిపైన వెచ్చని పొడిగాలి పరుచుకుంటే, తరంగాలు ఆకాశంలోకి జారిపోకుండా కిందికి వంగి, గొట్టంలో వెళ్లినట్టు నీళ్ల వెంబడే వచ్చేస్తాయి. రాత్రిళ్లు మీడియం వేవ్‌లో దూరపు స్టేషన్లు పలకడం వేరే సంగతి, అది చాలా ఎత్తున విద్యుదావేశంతో ఉండే గాలి పొర, అయనోస్ఫియర్ పని.

పక్కన వల సర్దుకుంటున్న పెద్దాయన "ఏటి బాబూ, అరవం ఇంతన్నావేటి?" అన్నారు. రేడియో ఆయన చెవి దగ్గర పెట్టాను. చేతిలో వల అలాగే పట్టుకుని పాట అయ్యేదాకా విన్నారు.

ఎండెక్కేకొద్దీ గొంతు తేలుతూ, మునుగుతూ, ఏడున్నరకల్లా పూర్తిగా పోయింది. రేపటికి మళ్లీ నాలుగున్నరకి అలారం పెట్టుకున్నాను.